ఋతువుల బీర్లు: నాలుగు శైలులు, ఏడు విడతలు, పది లీటర్ల డైరీ

నాలుగు ఋతు శైలుల బీర్లను విడతకు పది లీటర్ల చొప్పున కాచినప్పుడు రాసుకున్న లెక్కలివి. ఇంట్లో బీరు కాచుకోవడానికి చట్టం ఒప్పుకునే చోట ఉన్నవారికే ఇవి పనికివస్తాయి. ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీలు. గ్రావిటీ అంటే నీటిని 1.000గా తీసుకున్నప్పుడు ద్రవం సాంద్రత ఎంతో చెప్పే సంఖ్య. తొలి గ్రావిటీలోంచి తుది గ్రావిటీ తీసివేసి 131.25తో గుణిస్తే ఆల్కహాలు శాతం వస్తుంది.

ఋతు శైలి అనగానే చాలామందికి మసాలా దినుసో, పండో, గుమ్మడికాయో గుర్తుకు వస్తుంది. నేను కాచిన నాలుగింటిలో మూడింటికి ఋతువు అంటే ఉష్ణోగ్రత, నిల్వ కాలం. అంతకు మించి ఏమీ లేదు. నాలుగోదానికి మాత్రం మసాలాయే ఋతువు. మొత్తం విడతను పారబోసింది కూడా దాన్నే.

దశ 0: పరికరాలు, మార్చకుండా ఉంచినవి

ఇరవై లీటర్ల స్టీలు గుండిగ, అందులో పట్టే సన్నని వల సంచి, పొడవాటి తెడ్డు, గుచ్చి చూసే థర్మామీటరు, గ్రావిటీ కొలిచే హైడ్రోమీటరు, పులుపు కొలిచే పీహెచ్ మీటరు (పీహెచ్ అంకె తగ్గితే పులుపు పెరిగినట్టు), మూత బిగుసుకునే పన్నెండు లీటర్ల ఫెర్మెంటర్లు (బీరు పులిసే పాత్రలు) రెండు, ఉష్ణోగ్రత నియంత్రిక తగిలించిన పాత ఫ్రిజ్, క్రౌన్ మూతలు నొక్కే మిషను, 330 మి.లీ. సీసాలు. రెండు తూకం మిషన్లు ఉన్నాయి: ఒకటి కిలోల కోసం, రెండోది గ్రాములో పదో వంతు చూపేది. ఈ రెండోది మొదట్లో లేదు, గోజె అనే బీరు (దశ 2) దగ్గర తెచ్చుకోవలసి వచ్చింది.

అన్ని విడతల్లోనూ మార్చనివి ఇవి:

1. మాల్టు (మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యం) కిలోకు 3 లీటర్ల వేడినీటితో మాష్ చేసి (అంటే నానబెట్టి, దానిలోని పిండిని చక్కెరగా మారనిచ్చి), సంచిని ఎత్తి, మిగిలిన వేడినీటిని దాని మీదుగా మెల్లగా పోయడం.
2. క్లోరిన్ విరగడానికి నీటిలో చిటికెలో చిటికెడు పొటాషియం మెటాబైసల్ఫైట్ కలపడం. క్లోరిన్ మిగిలితే బీరుకు ఆసుపత్రి కట్ల వాసన పడుతుంది.
3. 60 నిమిషాలు మరిగించడం. నా పొయ్యి మీద గంటకు 2.4 లీటర్లు ఆవిరవుతాయి కాబట్టి మరిగే ముందు గుండిగలో సుమారు 13 లీటర్లు ఉండాలి.
4. మాల్టు నుంచి రాగలిగిన చక్కెరల్లో 70 శాతమే వస్తుందని లెక్క కట్టడం. కిలో మాల్టు పూర్తిగా దిగితే ఒక లీటరు నీటిని సుమారు 1.300కు తీసుకెళుతుంది; అందులో 70 శాతాన్ని పది లీటర్లకు పంచితే కిలోకు 21 పాయింట్లు. ఒక పాయింటు అంటే 0.001.

మొదటి కాచుడుకు ముందే ఒక పొరపాటు బయటపడింది. కరుగుతున్న మంచుముక్కల్లో పెడితే 0 చూపాల్సిన థర్మామీటరు 1.5 చూపించింది. ఈ పరీక్ష అయిదు నిమిషాల పని. కొత్త థర్మామీటరు అయినా చేయాలి.

దశ 1: సేజాన్ (విడత 1)

సేజాన్ అంటే ఫ్రెంచిలో ఋతువు. బెల్జియంలోని వలోనియా ప్రాంతపు పొలాల బీరు ఇది. చల్లని నెలల్లో కాచి, వేసవిలో పొలం పనివారికి ఇచ్చేవారు. నేటి సేజాన్ ఈస్టుల్లో కొన్ని మాత్రం మామూలు ఏల్ (గది వేడికి దగ్గరగా పులిసే బీరు) ఈస్టు భరించలేని వేడిని కోరతాయి. ఈ సంగతి చదివి కూడా నేను లక్ష్యపెట్టలేదు.

దినుసులు: పిల్స్‌నర్ మాల్టు 2 కిలోలు, గోధుమ మాల్టు 250 గ్రాములు, మరుగు చివర కలిపిన పంచదార 150 గ్రాములు. మాష్ 64 డిగ్రీల దగ్గర 75 నిమిషాలు. నీటిని ఎంతవరకు వేడి చేయాలో ఈ లెక్క చెబుతుంది: కావలసిన వేడిలోంచి మాల్టు వేడిని తీసివేసి, దాన్ని 0.41తో గుణించి, కిలోకు ఎన్ని లీటర్లో దానితో భాగించి, కావలసిన వేడికి కలపాలి. మాల్టు 26 డిగ్రీల దగ్గర ఉంది కాబట్టి 69.2 వచ్చింది. థర్మామీటరు తేడాను కలుపుకుని తెర మీద 70.7 వచ్చేదాకా వేడి చేశాను. మాష్ సరిగ్గా 64 దగ్గర నిలిచింది.

తొలి గ్రావిటీ 1.053 రావాలి; హైడ్రోమీటరు 1.050 చూపింది. మాల్టు సరిగా నలగలేదేమో అనుకుని సంచిలోని పిప్పిని మళ్ళీ కడగబోయాను కూడా. ఆ తరువాతే నమూనా 30 డిగ్రీల దగ్గర ఉందని చూశాను. ఈ హైడ్రోమీటరు 20 డిగ్రీలకు గీసినది. 30 దగ్గర దాదాపు 0.003 కలపాలి. నమూనాను చల్లార్చి చూస్తే 1.053 సరిగ్గా వచ్చింది. అప్పటినుంచి వేడి నమూనాను దిద్దుబాటుతో సరిపెట్టకుండా, గాజు గొట్టాన్ని చల్లని నీళ్ళలో నిలబెట్టి 20కి తెచ్చాకే చదువుతున్నాను.

ఈస్టు వేసినప్పుడు వర్ట్ (మాల్టు నుంచి దిగిన, ఇంకా పులియని తీపి ద్రవం) 22 డిగ్రీలు. మూడో రోజుకు దానంతట అదే 27కు ఎక్కింది. ఆ తరువాతి కొలతలు:

5వ రోజు: 1.034
9వ రోజు: 1.033
12వ రోజు: 1.033

ఎయిర్‌లాక్‌లో (వాయువును బయటికి వదిలి, గాలిని లోపలికి రానివ్వని నీటి బిరడాలో) బుడగ లేదు. 6వ రోజున ఫెర్మెంటరును మెల్లగా తిప్పి అడుగు మడ్డిని లేపాను. 8వ రోజున ఈస్టు పోషకం వేశాను. ఫలితం 9వ రోజు కొలతలోనే కనిపిస్తోంది. ఇక్కడ ఇంకో ఈస్టు పొట్లం వేసి చేతులు దులుపుకోవడం సులభం. కానీ గ్రావిటీ 1.035 ప్రాంతంలో ఆగి, వారాల తరబడి కదలకుండా ఉండడం ఈ ఈస్టుకు బాగా తెలిసిన అలవాటే కాబట్టి, 12వ రోజు సాయంత్రం రెండు మార్పులు చేశాను. ఫెర్మెంటరును నీటి తొట్టిలో కూర్చోబెట్టి తాపక బెల్టుతో 31 డిగ్రీలకు తెచ్చాను. ఎయిర్‌లాక్ తీసి, శానిటైజరులో ముంచిన అల్యూమినియం రేకును వదులుగా కప్పాను. ఎయిర్‌లాక్ నిలిపే కొద్దిపాటి ఒత్తిడి కూడా ఈ ఈస్టుకు గిట్టదని కొందరు కాచేవారి నమ్మకం.

15వ రోజు: 1.024
19వ రోజు: 1.011
24వ రోజు: 1.006

రెండు మార్పులూ ఒకేసారి చేశాను కనుక ఏది పనిచేసిందో చెప్పడానికి నాకు హక్కు లేదు. ఈ బాకీని దశ 5లో తీర్చే ప్రయత్నం ఉంది.

అసలు తప్పు దీని తరువాత జరిగింది. 24వ రోజున బెల్టు తీసేశాను. బీరు 22కు దిగింది. 26వ రోజున మళ్ళీ 1.006 వచ్చింది. రెండు రోజుల తేడాతో ఒకే కొలత వస్తే పులియడం ముగిసినట్టే అనే సూత్రాన్ని నమ్మి సీసాల్లో నింపాను. ఈస్టు పని ముగించలేదు, చలికి ముడుచుకుంది. ఈ ఈస్టు డయాస్టాటికస్ రకానిది. మామూలు ఈస్టు తినలేని డెక్స్ట్రిన్లను (పెద్ద చక్కెర గొలుసులను) సైతం ఎంజైముతో విరిచి, మెల్లగా తింటూనే ఉంటుంది. సీసాలను గాలి పట్టడానికి (నింపేటప్పుడు కలిపిన పంచదారను ఈస్టు తిని వాయువు పుట్టించడానికి) 30 డిగ్రీల గదిలో పెట్టడంతో అది మళ్ళీ లేచింది.

లెక్క చూడండి. వాయువును ‘వాల్యూము’ల్లో కొలుస్తారు: ఒక లీటరు బీరులో ఒక లీటరు కార్బన్ డయాక్సైడు కరిగి ఉంటే ఒక వాల్యూము. బీరు చూసిన అత్యధిక వేడి 31 కాబట్టి అప్పటికే కరిగి ఉన్నది సుమారు 0.65. కావలసింది 3. లీటరుకు 4 గ్రాముల పంచదార ఒక వాల్యూమునిస్తుందని పట్టుకుంటే 8.6 లీటర్లకు 80 గ్రాములు. ఇంతవరకు లెక్క సరే. అయితే గ్రావిటీలో ఒక పాయింటు పడితే దాదాపు అర వాల్యూము పుడుతుంది. సీసాల్లో 1.006 కాస్తా 1.003 అయింది; మూడు పాయింట్లు, ఒకటిన్నర వాల్యూములు. మొత్తం 4.5. మామూలు బీరు సీసాను 3 దాటాక నేను నమ్మను.

సీసాల్లో నింపిన 17వ రోజు రాత్రి ఒక సీసా పగిలింది. మిగిలినవాటిని మందపాటి చేతితొడుగులు, కళ్ళద్దాలు పెట్టుకుని, తువ్వాలు కప్పి, ఒక్కొక్కటిగా ఫ్రిజ్‌లోకి చేర్చాను. రెండు రోజులు 2 డిగ్రీల దగ్గర ఉంచి, మూతల అంచు కొద్దిగా ఎత్తి వాయువు వదిలి, కొత్త మూతలు నొక్కాను. అయినా రెండు సీసాలు తెరవగానే నురుగై మొత్తం పొంగిపోయాయి.

సేజాన్ కాచేవారు చేయవలసిన పరీక్ష:

1. ఈస్టు వేసిన మరునాడు 300 మి.లీ. వర్ట్ వేరే సీసాలోకి తీసి, మూత బిగించకుండా రేకు కప్పండి.
2. దానిలో ఈస్టు దండిగా వేసి 30 డిగ్రీల దగ్గర ఉంచి, రోజుకు రెండుసార్లు కదపండి.
3. పదో రోజున దాని గ్రావిటీ చూడండి. అసలు బీరు చివరికి దిగబోయేది ఆ అంకె దగ్గరికే.
4. ఫెర్మెంటరులోని బీరు ఆ అంకెను చేరేదాకా వేడి తగ్గించకండి, సీసాల జోలికి పోకండి.

మొత్తాలు (విడత 1 తరువాత): కాచినది 10 లీ., నింపిన సీసాలు 26, పోయినవి 3, తాగదగినవి 23. ఆల్కహాలు 6.2 అని చీటీ మీద రాసుకున్నాను. సీసాల్లో జరిగినది కలుపుకుంటే 6.6 శాతం.

దశ 2: గోజె (విడతలు 2, 3)

జర్మనీలోని గోస్లార్ పట్టణంలో, గోజె నది పేరుతో పుట్టి, తరువాత లైప్‌జిగ్‌లో స్థిరపడిన గోధుమ బీరు ఇది. పుల్లన, కొద్దిగా ఉప్పన, ధనియాల వాసన. ఎండల కాలానికి ఇంతకంటే తగిన శైలి నాకు తెలియదు. దీని పులుపు ఈస్టుది కాదు, లాక్టోబాసిలస్ బాక్టీరియాది.

దినుసులు రెండు విడతలకూ ఒకటే: పిల్స్‌నర్ మాల్టు, గోధుమ మాల్టు చెరొక కిలో. తొలి గ్రావిటీ రెండుసార్లూ 1.042. పద్ధతి:

1. మాష్ అయ్యాక వర్ట్‌ను పది నిమిషాలు మరిగించి 37 డిగ్రీలకు చల్లార్చాలి. ఈ దశలో హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) వేయకూడదు. హాప్స్ చేదు ఈ బాక్టీరియాను అణచివేస్తుంది.
2. 88 శాతం లాక్టిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 4.5కు దించాలి. అక్కరలేని సూక్ష్మజీవులకు దారి మూసుకుంటుంది. తుది బీరులో నురుగు కూడా నిలుస్తుంది.
3. లాక్టోబాసిలస్ ప్లాంటారమ్ వేసి, వర్ట్ ఉపరితలానికి ప్లాస్టిక్ పొరను అంటించి, 36 డిగ్రీల దగ్గర నిలపాలి.
4. పీహెచ్ 3.3–3.4కు చేరాక మళ్ళీ మరిగించి బాక్టీరియాను ఆపి, కొద్దిగా హాప్స్, చివరి అయిదు నిమిషాల్లో ధనియాలు వేయాలి.
5. చల్లార్చి ఏల్ ఈస్టు వేయాలి.

విడత 2లో 20 గంటలకే మీటరు 3.3 చూపింది. అంత త్వరగా రావడం అనుమానించదగినదే. ముక్కుకు పెరుగు మీది తేటలాంటి లేత వాసన మాత్రమే తగిలింది, నాలుకకు పులుపు అందలేదు. అయినా మీటరును నమ్మి మరిగించాను. సందేహం తీరక మరునాడు మీటరును పీహెచ్ 4.01 అని ముందే తెలిసిన ద్రావణంలో పెడితే 3.6 చూపింది. అంటే మీటరు 0.4 తక్కువ చెబుతోంది. నా వర్ట్ నిజమైన పీహెచ్ 3.7. బాక్టీరియా చచ్చిపోయింది, పులుపు అక్కడితో ఆగిపోయింది.

దిద్దుబాటుగా, సీసాల్లో నింపే రోజున ఆమ్లం కలిపాను. 88 శాతం ఆమ్లాన్ని పదో వంతుకు పలుచన చేసి, 100 మి.లీ. బీరున్న గ్లాసుల్లో అర మిల్లీలీటరు చొప్పున పెంచుతూ రుచి చూస్తే 2.5 మి.లీ. దగ్గర పీహెచ్ 3.35కు వచ్చింది. ఆ లెక్కన 8.3 లీటర్లకు అసలు ఆమ్లం 21 మి.లీ. బీరు పుల్లగా అయితే అయింది. కానీ ఆ పులుపు నాలుక కొసకు గీత గీసినట్టు ఒక్క చోటే తగిలి పోతోంది. తాగవచ్చు, గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

ఈ విడతలో ఉప్పు కూడా తప్పింది. ఒక గ్రాము వరకే చూపే తూకంతో ‘సుమారు 15 గ్రాములు’ వేశాను. నిజానికి ఎంత పడిందో ఈ రోజుకూ తెలియదు. రుచిని బట్టి 18 దాటి ఉంటుంది. ధనియాల పొడి పాతది కావడంతో సబ్బు వాసన వచ్చింది.

విడత 3లో మార్చినవి మూడు. మొదటిది, ప్రతి కాచుడు రోజునా మీటరును 7.00, 4.01 ద్రావణాలు రెండింటిలోనూ సరిచేసి, నమూనాను గది వేడికి తెచ్చాకే చదవడం. కొలతలు ఇలా వచ్చాయి:

0 గంటలు: 4.5
12 గంటలు: 4.1
24 గంటలు: 3.6
36 గంటలు: 3.35

రెండోది ఉప్పు. 10 గ్రాముల ఉప్పును నీటిలో కరిగించి సరిగ్గా 100 మి.లీ. ద్రావణం చేశాను. ఇందులో ఒక మిల్లీలీటరు, 100 మి.లీ. బీరులో కలిస్తే లీటరుకు ఒక గ్రాముతో సమానం. నాలుగు గ్లాసుల్లో 0.5, 1, 1.5, 2 మి.లీ. వేసి చూశాను. 0.5 దగ్గర ఉప్పు తెలియదు, కానీ బీరు నిండుగా అనిపిస్తుంది. 1 దగ్గర గుటక మింగాక తెలుస్తుంది. 1.5 దగ్గర ముందే తెలుస్తుంది. 2 దగ్గర సముద్రస్నానమే. లీటరుకు ఒక గ్రాము ఖాయం చేసుకున్నాను. ఉప్పును మరిగేటప్పుడు కాకుండా సీసాల్లో నింపే రోజున కలపడమే మేలు. ముందే వేసినదాన్ని వెనక్కు తీయలేము.

మూడోది ధనియాలు: గింజలను మరుగుకు పది నిమిషాల ముందు కచ్చాపచ్చాగా దంచి 12 గ్రాములు వేశాను. నారింజ తొక్కను తలపించే వాసన దానితోనే వచ్చింది.

ఇంత జాగ్రత్తలోనూ ఒకటి జారిపోయింది. పొడి ఈస్టును నేరుగా 3.35 పీహెచ్ వర్ట్ మీద చల్లాను; 48 గంటలు చలనం లేదు. అంత పులుపులో ఈస్టు ఒళ్ళు విరుచుకోలేదు. రెండో పొట్లాన్ని గోరువెచ్చని నీటిలో నానబెట్టి వేశాక పది గంటల్లో నురుగు కట్టింది. తుది గ్రావిటీ 1.010, ఆల్కహాలు 4.2 శాతం. పుల్లని వర్ట్‌కు మొదటే రెట్టింపు ఈస్టు, నానబెట్టే వేయాలి.

మొత్తాలు (విడత 3 తరువాత): కాచినది 30 లీ., నింపిన సీసాలు 26 + 25 + 26 = 77, పోయినవి 3, తాగదగినవి 74.

దశ 3: మేర్ట్సెన్ (విడత 4)

బవేరియాలో 1553 నాటి ఉత్తర్వు ఏప్రిల్ 23 నుంచి సెప్టెంబరు 29 వరకు బీరు కాచడాన్ని నిషేధించింది. వేసవి వేడిలో పులియబెట్టిన బీరు పాడైపోయేది. మార్చిలో కాస్త గట్టిగా కాచి, చల్లని నేలమాళిగల్లో వేసవంతా దాచిన బీరుకే మేర్ట్సెన్, అంటే మార్చి బీరు, అనే పేరు వచ్చింది. కాబట్టి ఈ శైలిలో ముఖ్యమైన దినుసు ఫ్రిజ్.

మ్యూనిక్ మాల్టు 1.6 కిలోలు, వియన్నా మాల్టు 600 గ్రాములు, పిల్స్‌నర్ మాల్టు 400 గ్రాములు. మాష్‌లో కొంత భాగాన్ని తీసి విడిగా మరిగించి తిరిగి కలిపే పాత పద్ధతిని పాటించాను. 66 నుంచి 76కు ఎక్కాలంటే ఎంత తీయాలి? పెరగవలసిన 10 డిగ్రీలను, మరుగుకూ మాష్‌కూ మధ్య ఉన్న 34 డిగ్రీలతో భాగిస్తే దాదాపు 0.30. మొత్తం మాష్ 9.5 లీటర్లు కనుక 2.9 లీటర్లు తీసి పావుగంట మరిగించి కలిపాను. వేడి 72 దగ్గరే ఆగింది. ఎత్తేటప్పుడు, పోసేటప్పుడు, గుండిగ గోడలకు పోయే వేడిని ఆ లెక్క చూడదు. ఈసారికి పొయ్యి వెలిగించి సరిపెట్టాను; మళ్ళీ చేస్తే 3.5 లీటర్లు తీస్తాను. తొలి గ్రావిటీ 1.055.

మేర్ట్సెన్ లాగర్ (చల్లగా పులియబెట్టి, చల్లగా నిల్వ ఉంచే బీరు) రకానిది; లాగర్ ఈస్టు ఏల్ కంటే రెట్టింపు కావాలి. మిల్లీలీటరుకు, ఒక్కొక్క ప్లాటో డిగ్రీకి (వర్ట్ బరువులో చక్కెర శాతానికి) 15 లక్షల కణాలనే వాడుక లెక్కతో, 13.6 ప్లాటో ఉన్న పది లీటర్లకు సుమారు 20 వేల కోట్ల కణాలు. రెండు పొట్లాలు వేశాను. ఇక్కడ వేడి తప్పలేదు అనుకున్నాను: ఫ్రిజ్‌ను 10 డిగ్రీలకు పెట్టాను, తెర మీద 10 అనే ఉంది. కానీ ఉష్ణోగ్రత కొలిచే తీగ ఫ్రిజ్ గాలిలో వేలాడుతోంది. మూడో రోజు నమూనా తీస్తే బీరు 13.5 డిగ్రీలు. పులిసేటప్పుడు పుట్టే వేడి బీరులోనే ఉంటుంది. గాలి దాన్ని చెప్పదు. తీగను ఫెర్మెంటరు పక్కకు టేపుతో అంటించి, దానిపై మందపాటి స్పాంజి కప్పాక ఫ్రిజ్ లెక్క, బీరు లెక్క అర డిగ్రీ తేడాలోకి వచ్చాయి.

వెచ్చగా మొదలైన లాగర్‌లో డైఎసిటైల్ ఎక్కువ పుడుతుంది. వెన్న వాసన, నాలుక మీద జిడ్డు. 9వ రోజున గ్రావిటీ 1.020 ఉండగా వేడిని 17కు పెంచి, ఈస్టుకు దాన్ని తిరిగి తినే అవకాశం ఇచ్చాను. ముగిసిందో లేదో తేల్చే పరీక్ష:

1. రెండు గ్లాసుల్లో 50 మి.లీ. చొప్పున తీసి రేకు కప్పాలి.
2. ఒకదాన్ని 65 డిగ్రీల నీటిలో 20 నిమిషాలు ఉంచాలి. ఇంకా డైఎసిటైల్‌గా మారని ముడిపదార్థం ఉంటే ఈ వేడికి మారిపోతుంది.
3. రెండింటినీ ఒకే వేడికి తెచ్చి వాసన చూడాలి.
4. వేడిచేసిన దానిలో వెన్న వాసన వస్తే బీరు ఇంకా సిద్ధం కాలేదు.

13వ రోజున చల్లని గ్లాసు శుభ్రంగా ఉంది. వేడిచేసిన గ్లాసు వెన్న డబ్బా తెరిచినట్టు ఉంది. ముక్కును మాత్రమే నమ్మి ఆ రోజు చల్లబరిచి ఉంటే, ఆ వాసన సీసాల్లో బయటపడేది. 16వ రోజున రెండు గ్లాసులూ ఒకేలా ఉన్నాయి. తుది గ్రావిటీ 1.013, ఆల్కహాలు 5.5 శాతం.

తరువాత రోజుకు రెండు డిగ్రీల చొప్పున 2 డిగ్రీల దాకా దించాను. చల్లారే కొద్దీ ఫెర్మెంటరులోని వాయువు ముడుచుకుని ఎయిర్‌లాక్‌లోని ద్రవాన్ని లోపలికి లాక్కుంది. దాని వెనకే గాలి కూడా వెళ్ళింది. ఉదయం చూస్తే ఎయిర్‌లాక్ ఎండిపోయి ఉంది. ఈ బీరులో చివర తడిసిన అట్టముక్క రుచి లేశమాత్రంగా ఉండడానికి కారణం ఇదేనని నా అనుమానం. ఇప్పుడు పులియడం జోరుగా ఉన్నప్పుడే శుభ్రమైన రబ్బరు బుడగను తగిలించి ఆ వాయువుతో నింపుతున్నాను. చల్లబరిచేటప్పుడు ఫెర్మెంటరు దాన్నే పీల్చుకుంటుంది.

ఆరు వారాల నిల్వ. రెండో వారంలో రుచి చూసి ‘ఇక చాలు’ అనుకున్నాను. నాలుగో వారంలో గంధకపు ఛాయ పోయింది, ఆరో వారంలో బీరు గాజులా తేరుకుంది. తొందరపడేవారి కోసం రాస్తున్నాను: మధ్యలో చేయగలిగింది ఏమీ లేదు. సీసాల్లో గాలి మూడు వారాలైనా సరిగా పట్టలేదు. ఇంత తేరిన బీరులో ఈస్టు బాగా తగ్గిపోతుంది కనుక పంచదారతోపాటు చిటికెడు కొత్త ఈస్టు వేయవలసింది.

మొత్తాలు (విడత 4 తరువాత): కాచినది 40 లీ., నింపిన సీసాలు 103, పోయినవి 3, తాగదగినవి 100. ఈ ఒక్క విడత ఫ్రిజ్‌ను ఆక్రమించిన రోజులు 66.

దశ 4: చలికాలపు మసాలా ఏల్ (విడతలు 5, 6)

మొదట గుమ్మడి వేద్దామనుకుని మానేశాను. గుమ్మడికి తనదంటూ ఉన్న రుచి చాలా తక్కువ, తాగేవారు గుర్తుపట్టేది దానితో వేసే మసాలానే. తాజా హాప్స్ బీరును కూడా జాబితాలోంచి తీసేశాను. కోసిన ఒకటి రెండు రోజుల్లో వాడాలి, తడి బరువు వల్ల ఎండువాటికి అయిదారు రెట్లు వేయాలి. హాప్స్ తోట పక్కన లేనివారికి అది కలగానే మిగులుతుంది.

గోధుమరంగు ఏల్, మాల్టు 2.8 కిలోలు, తొలి గ్రావిటీ 1.059. విడత 5లో చివరి పది నిమిషాల మరుగులో దాల్చినచెక్క 8 గ్రాములు, లవంగాలు 4 గ్రాములు, జాజికాయ 2 గ్రాములు వేశాను. పదో రోజుకు ఫెర్మెంటరు మూత తీస్తే పంటి డాక్టరు గది వాసన. ఒక నెల ఆగాను, తగ్గలేదు. సగం మామూలు బీరుతో కలిపి చూశాను, అయినా లవంగమే. 9 లీటర్లు పారబోశాను. పులియడంలో, రంగులో, గ్రావిటీలో ఒక్క తప్పూ లేని బీరు అది.

విడత 6లో మసాలాను మరుగు నుంచి పూర్తిగా తప్పించాను. దాల్చినచెక్క 4 గ్రాములు, లవంగం అర గ్రాము, జాజికాయ అర గ్రాము 60 మి.లీ. వోడ్కాలో అయిదు రోజులు నానబెట్టి వడగట్టాను. 100 మి.లీ. గ్లాసుల్లో 0.2, 0.4, 0.6 మి.లీ. వేసి, మొదట ఫ్రిజ్ చలిలో, తరువాత 14 డిగ్రీల దగ్గర చూశాను. చలిలో 0.4 బాగుంది, వెచ్చబడ్డాక అదే మితిమీరింది. చలికాలపు బీరును మెల్లగా, వెచ్చబడనిస్తూ తాగుతారు కనుక రెండో ఫలితాన్నే నమ్మి 0.3 ఖాయం చేశాను, 8.6 లీటర్లకు 26 మి.లీ. తుది గ్రావిటీ 1.015, ఆల్కహాలు 5.8 శాతం.

మొత్తాలు (విడత 6 తరువాత): కాచినది 60 లీ., నింపిన సీసాలు 129, పోయినవి 3, తాగదగినవి 126, ఫెర్మెంటరు నుంచే పారబోసినది 9 లీ.

దశ 5: సేజాన్ బాకీ (విడత 7, జరుగుతోంది)

విడత 1 దినుసులే, అదే ఈస్టు, తొలి గ్రావిటీ 1.053. చల్లార్చిన వర్ట్‌ను రెండు ఫెర్మెంటర్లలోకి అయిదేసి లీటర్లుగా పంచాను. తూచిన ఈస్టు రెండింటిలోనూ సమానం. రెండూ ఒకే నీటి తొట్టిలో, రెండో రోజు నుంచి 31 డిగ్రీల దగ్గర ఉన్నాయి. ‘అ’ పాత్రకు ఎయిర్‌లాక్, ‘ఆ’ పాత్రకు వదులుగా కప్పిన రేకు. నమూనాలను గాజు గొట్టంలో గట్టిగా ఊపి, బుడగలు పోయాక, 20కి చల్లార్చి చదువుతున్నాను. హైడ్రోమీటరుకు అంటిన బుడగలు దాన్ని పైకి తేల్చి అంకెను పెంచుతాయి.

4వ రోజు: అ 1.027, ఆ 1.026
7వ రోజు: అ 1.014, ఆ 1.012
10వ రోజు: అ 1.007, ఆ 1.006

రెండూ 1.034 దగ్గర ఆగలేదు. ఒకటి రెండు పాయింట్ల తేడా నా కంటి చూపు తేడా కూడా కావచ్చు. 300 మి.లీ. పరీక్ష సీసా 1.003 దగ్గర నిలిచింది. బెల్టు ఇంకా వెలుగుతూనే ఉంది. తరువాతి కొలత 14వ రోజున.